భాషలన్నీ ఆయన సూచనలే – కంప్యూటర్ యుగంలో మన బాధ్యత

సమస్త స్తోత్రాలు మనిషిని సృష్టించి, అతనికి మాట నేర్పిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!



మన ఇళ్ళలో ఈ రోజుల్లో తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. “మా వాడు ఉర్దూ మాట్లాడతాడు గాని చదవలేడు.” “తెలుగులో టైపు చేసే ఓపిక ఎవరికుంది? ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తాం.” “దీన్ సంగతులు ఉర్దూలో చెబితేనే బాగుంటుంది, తెలుగులో ఏం చెబుతాం?” “ఇంగ్లీషు వస్తే చాలు, మిగతావి ఏ అక్కరకు వస్తాయి?”

వినడానికి ఇవి మామూలు మాటలే. కాని ఒక్కో మాట వెనుక ఒక్కో తీర్పు ఉంది. ఒక భాషను పైన కూర్చోబెట్టి, ఇంకొక భాషను గుమ్మం బయట నిలబెట్టే తీర్పు అది. ఈ తీర్పు ఇచ్చే అధికారం మనకు ఉందా? ఫోను, కంప్యూటరు ఇంటింటికీ చేరిన ఈ కాలంలో భాషల విషయంలో ఒక విశ్వాసి వైఖరి ఎలా ఉండాలి? ఈ పాఠంలో దీన్ని గురించే కాస్త వివరంగా తెలుసుకుందాం.

భాషల వైవిధ్యం – ఒక దైవసూచన

దివ్య ఖుర్ఆన్‌లోని 30వ సూరా ‘అర్రూమ్’ 22వ ఆయతులో అల్లాహ్ తన సూచనలను పేర్కొంటూ భూమ్యాకాశాల సృష్టిని ప్రస్తావించాడు. ఆ వెంటనే మనుషుల భాషలు, వర్ణాలు వేరువేరుగా ఉండటాన్ని ప్రస్తావించాడు. జ్ఞానం గలవారికి వీటిలో సూచనలు ఉన్నాయని తెలిపాడు. కాస్త ఆలోచించండి. భూమ్యాకాశాల సరసన చోటు పొందినవి భాషలు! ఫలానా భాష ఒక్కటే సూచన అని అక్కడ చెప్పబడలేదు. అవి భిన్నంగా ఉండటమే సూచన. ఆకాశాన్ని చూసి ఎవరూ ఎగతాళి చేయరు. మరి అదే ఆయతులో చెప్పబడిన భాషను ఎలా ఎగతాళి చేయగలం?

14వ సూరా ‘ఇబ్రాహీమ్’ 4వ ఆయతు ఇంకొక సత్యాన్ని బోధిస్తున్నది. ఏ ప్రవక్తను పంపినా అతని జాతి ప్రజల భాషలోనే పంపడం జరిగింది, వారికి విషయం స్పష్టంగా తెలియాలన్నదే దాని ఉద్దేశం. అంటే సందేశం మనిషి దగ్గరకు మనిషి భాషలో నడిచి వచ్చింది. ముందు నా భాష నేర్చుకుని రా, తరువాత మార్గం చూపుతాను అని ఏ ప్రవక్తా అనలేదు.

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. “మరి అరబీకి ప్రత్యేకత లేదా?” తప్పకుండా ఉంది. అది అంతిమ దైవగ్రంథం అవతరించిన భాష. మన నమాజులోని పారాయణం ఆ భాషలోనే సాగుతుంది. దాన్ని నేర్చుకోవడం మహా పుణ్యం. కాని దైవవాణికి ఉన్న గౌరవం వేరు, ఆ భాష మాట్లాడే మనిషికి ఇతరులపై ఆధిక్యం ఉండటం వేరు. అరబ్బుకు అరబ్బేతరునిపై గాని, అరబ్బేతరునికి అరబ్బుపై గాని ఆధిక్యం లేదని, దైవభీతే కొలమానమని దైవప్రవక్త (స) హజ్జతుల్ విదా సందర్భంగా ప్రకటించారు. ఈ మాట ముస్నద్ అహ్మద్‌లో నమోదై ఉంది. పారశీకం మాట్లాడే నేల నుంచి వచ్చిన సల్మాన్ (రజి), హబష్ మూలాలు గల బిలాల్ (రజి), రోమ్ ప్రాంతంలో పెరిగిన సుహైబ్ (రజి) ఆయన సన్నిధిలో ఒకే పంక్తిలో కూర్చున్నారు.

పలికే తీరులో తేడా వచ్చినా దైవప్రవక్త (స) ఎలా వ్యవహరించారో బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఒక సంఘటన తెలుపుతుంది. హజ్రత్ హిషామ్ బిన్ హకీమ్ (రజి) సూరా ‘అల్ ఫుర్ఖాన్’ పఠిస్తుండగా హజ్రత్ ఉమర్ (రజి) విన్నారు. తాను నేర్చుకున్న తీరుకు అది భిన్నంగా ఉంది. ఆయన ఉండబట్టలేక హిషామ్ (రజి)ను పైవస్త్రం పట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరకు తీసుకువెళ్ళారు. దైవప్రవక్త (స) ముందుగా ఆయన్ని వదలమన్నారు. తరువాత ఇద్దరి చేతా పఠింపజేసి, ఇద్దరి పఠనమూ విన్నారు. ఈ సూరా ఇలా కూడా అవతరించింది, అలా కూడా అవతరించింది అని తెలిపి, ఖుర్ఆన్ ఏడు రీతుల్లో అవతరించిందని, ఎవరికి సులభమైన రీతిలో వారు పఠించవచ్చని సెలవిచ్చారు. ఇది ఖుర్ఆన్ పఠనానికి సంబంధించిన విషయం. అయినా ఇందులో మనందరికీ ఒక మర్యాద నేర్పబడింది. ఎదుటివాని పలుకు మన పలుకులా లేనంత మాత్రాన అది తప్పు అయిపోదు. ముందు పట్టుకున్న కాలర్ వదలాలి, తరువాత వినాలి.

ఇతరుల భాష నేర్చుకోవడం

దైవప్రవక్త (స) మదీనాలో ఉండగా పరిసరాల్లోని యూదులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిగేవి. వాటిని చదవడానికి, రాయడానికి ఇతరులపై ఆధారపడకుండా ఉండేందుకు యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను వారి లిపి నేర్చుకోమని ఆదేశించారు. జైద్ (రజి) పక్షం రోజులు తిరగకముందే నేర్చేసుకున్నారని తిర్మిజీ ఉల్లేఖనంలో ఉంది. ఆ తరువాత ఆ లేఖలు రాసేవారు, వచ్చినవాటిని చదివి వినిపించేవారు ఆయనే. ఖుర్ఆన్ ప్రతిని సంకలనం చేసే మహత్తర బాధ్యత కూడా తరువాతి కాలంలో ఈయనకే దక్కింది.

గమనించండి. జైద్ (రజి) ఇంకొక లిపి నేర్చుకున్నందువల్ల తన అరబీని పోగొట్టుకోలేదు. ఒక భాషకు ఇంకొకటి జత చేరింది. ఇంగ్లీషు విషయంలోనూ మన దారి ఇదే కావాలి. పిల్లలకు ఇంగ్లీషు తప్పక నేర్పించాలి, చక్కగా నేర్పించాలి. కాని అది ఇంట్లోని భాషను బయటికి పంపి ఆ చోట కూర్చోవలసిన అవసరం లేదు.

ధర్మం ఒకటైతే భాష కూడా ఒకటి కావాలా?

ఈ ప్రశ్నకు చరిత్ర చాలా ఖరీదైన జవాబు ఇచ్చింది. 1948లో పాకిస్తాన్ పాలకులు ఉర్దూ ఒక్కటే రాజ్యభాష అని ప్రకటించారు. ఆ దేశ జనాభాలో సగానికి పైగా తూర్పు బెంగాల్‌లో ఉండేవారు, వారి భాష బెంగాలీ. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో భాష కోసం నిలబడిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. చంపినవారూ ముస్లిములే, చనిపోయినవారూ ముస్లిములే. 1956 రాజ్యాంగంలో బెంగాలీకి కూడా స్థానం ఇచ్చారు గాని, అప్పటికే మనసులు విరిగిపోయాయి. 1999లో యునెస్కో ఆ ఫిబ్రవరి 21నే అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. ఉర్దూను ప్రేమించే మనం ఈ చరిత్రను మరువకూడదు. అక్కడ తప్పు ఉర్దూది కాదు, దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దినవారిది.

మన దక్కనులో నడిచిన దారి వేరు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రాహీమ్ కుతుబ్ షాహ్ తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను ముద్దుగా ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా పేరొందిన ‘యయాతి చరిత్రము’ను పొన్నగంటి తెలగన రాసి అమీన్ ఖాన్ అనే అధికారికి అంకితం చేశాడు. కుతుబ్ షాహీల ఫర్మానాలు ఫారసీతో పాటు తెలుగులోనూ వెలువడేవి. అలాగే మొన్నటి కాలంలో పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు కవిగా, నాటకకర్తగా పేరు గడించారు. కాబట్టి తెలుగు మనకు పొరుగింటి భాష కాదు, మన ఇంటి భాషే.

యంత్రం ముందు భాషలు సమానమేనా?

ఇప్పుడు మీ జేబులోని నోటు ఒకటి తీసి వెనుకవైపు చూడండి. నోటు విలువ 15 భాషల్లో ఒకదాని కింద ఒకటిగా అచ్చయి ఉంటుంది. ఆ వరుసలో చివరి రెండు మన తెలుగు, ఉర్దూలే. పక్కపక్కనే, ఒకే కొలతలో. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 8 కోట్ల 11 లక్షలు, ఉర్దూను చెప్పుకున్నవారు సుమారు 5 కోట్ల 7 లక్షలు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేస్తూ చట్టాలు వచ్చాయి. కాగితం మీద సమానత్వం ఉంది. మరి కంప్యూటరులో?

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయిస్తేనే అది దాన్ని దాచుకోగలదు. 1963లో అమెరికాలో తయారైన ‘ఆస్కీ’ అనే పట్టికలో 128 స్థానాలు ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే అది నిండిపోయింది. ఇతర భాషలవారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. 1991లో మన దేశం ‘ఇస్కీ’ అనే ప్రమాణాన్ని స్థిరపరచినప్పుడు అందులో తెలుగుకు చోటు దొరికింది గాని ఉర్దూ లిపికి దొరకలేదు. అరబీ కోసం తయారైన ఒక అంతర్జాతీయ పట్టికలో అరబీ అక్షరాలున్నాయి గాని ఉర్దూకు కావలసిన పే, చే, గాఫ్ లేవు. పే లేకుండా ‘పానీ’ అని ఎలా రాస్తాం?

1991లోనే వెలువడిన ‘యూనికోడ్’తో ఈ పరిస్థితి మారడం మొదలైంది. ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే పట్టికలో చోటు ఇవ్వాలన్నది దాని సంకల్పం. తెలుగు, ఉర్దూ రెండూ అందులో చేరాయి. దానికి ముందు ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు ఉండేది. ఒకరు టైపు చేసినది ఇంకొకరి కంప్యూటరులో పిచ్చి గీతలుగా కనిపించేది. ఈ రోజు మీరు ఫోనులో తెలుగులో రాసింది దుబాయిలోని మీ తమ్ముడి ఫోనులో చక్కగా కనబడుతోందంటే కారణం ఆ ఒప్పందమే.

అయినా సమానత్వం పూర్తి కాలేదు. ఒక చిన్న లెక్క చూడండి. సాధారణ ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగులో గాని, ఉర్దూలో గాని రాస్తే సాధారణంగా 70 మాత్రమే పడతాయి. ‘అస్సలాము అలైకుమ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, తెలుగులో రాసినా ఆక్రమించేది 16 స్థానాలే. కాని 160లో 16 వేరు, 70లో 16 వేరు. ఇంగ్లీషులో సలాం చెబితే సందేశంలో పదో వంతు ఖర్చవుతుంది, తెలుగులో చెబితే దాదాపు నాలుగో వంతు! పైగా ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని యంత్రం ఆరుగా లెక్కిస్తుంది. సలాం అదే, పుణ్యం అదే, కాని యంత్రం దగ్గర ధర మారిపోయింది. ఈ తేడా అల్లాహ్ పెట్టినది కాదు. ఫలానా భాషను ముందు పెట్టుకుని యంత్రాన్ని తయారుచేసిన మనుషులు పెట్టినది. మనుషులు పెట్టినదాన్ని మనుషులు సరిదిద్దగలరు.

సరిదిద్దినవారు ఉన్నారు కూడా. ఉర్దూ పాఠకుని కంటికి అలవాటైన నస్తాలీఖ్ రాత ఏటవాలుగా, ఒక అక్షరం భుజం మీద ఇంకొకటి వాలినట్లు సాగుతుంది. దాన్ని యంత్రంలో పెట్టడం అసాధ్యమని చాలాకాలం భావించారు. ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతోనే వెలువడేవి. చెన్నైలో 1927లో ప్రారంభమైన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దాల తరబడి చేతిరాతతోనే నడిచింది. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు వేలాది అక్షర సముదాయాలను ఒక్కొక్కటిగా చేత్తో రాసి ‘నూరీ నస్తాలీఖ్’ను తయారుచేశారు. 1981లో లాహోర్‌లో ఒక దినపత్రిక దానితో అచ్చయింది. అంత శ్రమపడితే అచ్చుయంత్రానికి ఉర్దూ రాత అబ్బింది. అక్కడి నుంచి ఐఫోనులో నస్తాలీఖ్ కనిపించడానికి మళ్ళీ 2017 దాకా ఆగవలసి వచ్చింది.

2018 ఫిబ్రవరిలో అవే ఐఫోన్లలో ఒక వింత జరిగింది. తెలుగు ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఆ ఫోనులోని అప్లికేషన్లు ఉన్నపళంగా మూతపడేవి. కంపెనీ అదే నెలలో దాన్ని సరిచేసింది. ప్రపంచంలోని అత్యంత ఖరీదైన ఫోన్లు ‘జ్ఞానం’ అనే మాటలోని మొదటి అక్షరం దగ్గరే తడబడ్డాయి! ఎనిమిది కోట్ల మంది భాష అయినా, తయారుచేసే చోట దాన్ని సరిగా పరీక్షించకపోతే ఇలాగే జరుగుతుంది.

ఇక అనువాద యంత్రాలు, కృత్రిమ మేధ సంగతి. ఇవి మనుషులు రాసిపెట్టినదాన్ని చదివి నేర్చుకుంటాయి. ఇంటర్నెట్టులోని వెబ్‌సైట్లలో దాదాపు సగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు, ఉర్దూల వాటా ఒక శాతానికి ఎంతో దిగువన ఉంది. ఎక్కువ రాసినవారి భాష యంత్రానికి బాగా వస్తుంది, రాయనివారి భాష రాదు. ఫిర్యాదు చేస్తే సరిపోదు, రాయాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభం కావడానికి ముందే, 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. రసాయన శాస్త్రానికి, న్యాయ శాస్త్రానికి, వైద్యానికి అక్కడి పండితులు ఉర్దూలో మాటలు కూర్చారు. భాష దానంతట అది సమర్థం కాదు. దాని బిడ్డలు చెమటోడ్చితేనే అవుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి

యంత్రాలు చేసే తేడా గురించి మాట్లాడుకున్నాం. మన నోళ్ళు చేసే తేడా గురించి కూడా మాట్లాడుకోవాలి. మన రాష్ట్రాల్లో నూర్‌బాషా (దూదేకుల) సోదరుల ఇళ్ళలో తరతరాలుగా తెలుగే తల్లిభాష. ఇంకా ఎన్నో పల్లెల్లో ముస్లిం కుటుంబాలు తెలుగులోనే మాట్లాడుకుంటాయి. అలాంటి ఒక సోదరుడు పట్నంలోని మస్జిదుకు వచ్చి తెలుగులో మసలా అడిగితే, “ఉర్దూ రాదా? నువ్వేం ముస్లిమువి?” అని నవ్వేవారు మనలో లేరా? ఆ నవ్వు అతని గుండెలో ఎంత లోతుగా దిగుతుందో ఎవరైనా ఆలోచించారా? మస్జిదు మెట్లు దిగి వెళ్ళిన ఆ మనిషి మళ్ళీ రాకపోతే రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసింది ఎవరు?

అలాగే ఇంకోవైపు. ఉర్దూ మాత్రమే వచ్చిన పాతబస్తీ తల్లి ఏదైనా ఆఫీసుకు వెళ్ళి, కాగితం చదవలేక నిలబడితే, ఆమెను చూసి విసుక్కునే తెలుగు చదువరులు మనవారిలోనే ఉన్నారు. కాన్వెంటులో చదివిన మనవడు దాదీజాన్ ఇంగ్లీషు ఉచ్చారణను అనుకరించి నవ్వితే ఇంటిల్లిపాదీ ముచ్చటపడతారు. 49వ సూరా ‘అల్ హుజురాత్’ 11వ ఆయతులో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని వారించాడు. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని హెచ్చరించాడు. భాష పేరిట చేసే ఎగతాళి ఈ ఆదేశానికి అతీతం కాదు.

లిపిని వదిలేస్తే ఏం పోతుంది?

ఇప్పుడు మన పిల్లల్లో ఎక్కువమంది తెలుగునూ, ఉర్దూనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తున్నారు. “అర్థమైతే చాలు కదా” అంటారు. అర్థం అవుతుందా? ఇంగ్లీషు అక్షరాల్లో మామూలుగా రాస్తే ‘కళ్ళు’, ‘కల్లు’ రెండూ ఒకటే అయిపోతాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళిన నాన్నగారికి ఏది బాగాలేదో తెలియక బంధువులు కంగారుపడాలి! ఇది నవ్వుకునే విషయమే. కాని ఇదే తికమక దీన్ మాటల్లో జరిగితే నవ్వలేం. అరబీలో గొంతు లోపలి నుంచి పలికే ఖాఫ్‌తో ‘ఖల్బ్’ అంటే హృదయం. మామూలు కాఫ్‌తో ‘కల్బ్’ అంటే కుక్క. ‘జాల్’తో రాసే నజీర్ అంటే హెచ్చరించేవాడు, అది దైవప్రవక్త (స)కు ఖుర్ఆన్‌లో వచ్చిన బిరుదు. ‘జోయ్’తో రాసే నజీర్ అంటే సాటి, ఉపమానం. ఇంగ్లీషు లిపిలో ఈ తేడాలు అణగిపోతాయి. కొన్ని తేడాలు తెలుగు లిపిలోనూ నిలవవు. అందుకే ఖుర్ఆన్ పారాయణాన్ని అరబీ లిపిలోనే, ఉస్తాద్ దగ్గర నేర్చుకోవాలని ఉలమా పట్టుబడతారు.

లిపిని వదిలితే ఇంకొక నష్టం ఉంది. తాతగారు ఉర్దూలో రాసిపెట్టిన ఉత్తరాలు, వసీయతులు, పుస్తకాల అంచుల్లో రాసుకున్న దుఆలు మనవడికి గీతలుగా మిగిలిపోతాయి. ఇంట్లో బీరువా నిండా వారసత్వం ఉంటుంది, తెరిచే తాళం చెవి ఉండదు.

యంత్ర అనువాదం – మేలు, జాగ్రత్త

గూగుల్ అనువాద సేవలో ఉర్దూ తరువాత తెలుగు కూడా 2011లో చేరింది. 2022లో భారత ప్రభుత్వం ‘భాషిణి’ అనే కార్యక్రమాన్ని భారతీయ భాషల కోసం ప్రారంభించింది. ఇవి మేలైనవే. ఆసుపత్రి చీటీలోని ముక్క అర్థం చేసుకోవడానికి, దారి అడగడానికి, దరఖాస్తు ఏమిటో తెలుసుకోవడానికి ఎంతగానో తోడ్పడతాయి. అల్లాహ్ కల్పించిన ఈ సౌలభ్యానికి కృతజ్ఞత చూపాలి.

అయితే వీటి పరిమితి తెలుసుకోవాలి. ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. వాక్యం చూసి తేల్చుకోవాలి. ఉర్దూలో ‘రోజా’ ఉపవాసం, తెలుగులో పువ్వు. అన్నింటికన్నా ముఖ్యం, తెలుగులో ‘తినవచ్చు’, ‘తినవద్దు’ అనే రెండు మాటల మధ్య తేడా ఒక్క అక్షరమే. ఆ ఒక్క అక్షరం హలాల్‌ను హరామ్ చేస్తుంది, హరామ్‌ను హలాల్ చేస్తుంది. ఒక వితంతువు తన ఇద్దత్ గడువు ఎంతో తెలియక ఫోనును అడిగితే, అది విడాకులు పొందిన స్త్రీ గడువును చెబితే ఏమవుతుంది? ఖుర్ఆన్‌లో ఒకటి రెండవ సూరా 228వ ఆయతులో ఉంది, రెండవది 234వ ఆయతులో ఉంది. రెండూ వేరువేరు ఆదేశాలు. మాటలు తెలిసిన యంత్రానికి మీ పరిస్థితి తెలియదు, రేపు జవాబుదారీ కూడా దానికి లేదు. తెలియని విషయం వెంట పడవద్దని 17వ సూరా 36వ ఆయతు బోధిస్తున్నది. కాబట్టి ఆయతు, హదీసు, మసలా అనువాదాలను యంత్రం నుంచి తీసుకుని ముందుకు పంపకండి. ముద్రిత అనువాదంతో సరిచూసుకోండి, తెలిసిన ఆలిమ్‌ను అడగండి.

ఆచరణకు కొన్ని సూచనలు

1. ఫోనులో తెలుగు, ఉర్దూ కీబోర్డులు రెండింటినీ పెట్టుకోండి. ఇందుకు డబ్బు కట్టనక్కరలేదు. టైపు చేయలేని పెద్దలకు మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యాన్ని చూపించండి. మొదటి వారం వేళ్ళు తడబడతాయి, నెల తిరిగేసరికి అలవాటవుతుంది.

2. పిల్లల చేత రోజుకు పావుగంట అయినా ఉర్దూ, తెలుగు లిపులు చదివించండి. వారానికి ఒకసారి నానీజాన్‌కు ఉర్దూలో నాలుగు ముక్కలు రాయించండి. పిల్లవాడికి చదువూ అబ్బుతుంది, పెద్దావిడకు సంతోషమూ కలుగుతుంది. తెలుగే తల్లిభాషగా ఉన్న ఇళ్ళవారు చక్కని తెలుగు నేర్పించడాన్ని ఒక లోటుగా భావించవద్దు.

3. మస్జిదు ప్రకటనలు, చందా లెక్కలు, జనాజా కబుర్లు రెండు భాషల్లోనూ పెట్టండి. జుమా రోజు బయాన్ ఉర్దూలో జరిగే చోట దాని సారాంశాన్ని పది నిమిషాలు తెలుగులో చెప్పే ఏర్పాటు చేయండి. తెలుగులో జరిగే చోట ఉర్దూ వృద్ధులను మరవకండి.

4. విషయాన్ని బొమ్మగా కాక అక్షరాలుగా టైపు చేసి పంపండి. బొమ్మలో ఉన్న రాతను వెతకడం కష్టం. చూపులేని సోదరులు వాడే చదివి వినిపించే సాధనాలు దాన్ని తరచుగా చదవలేవు. అంధుడైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జ్ఞానం కోరి వచ్చిన సందర్భంలో అల్లాహ్ 80వ సూరా ‘అబస’ తొలి ఆయతులు అవతరింపజేశాడు. వారి హక్కు అంత పెద్దది.

5. తెలుగు, ఉర్దూ రెండూ చదివిన యువకులు అనువాదానికి పూనుకోవాలి. ఉర్దూలో ఉన్న జ్ఞాన భాండాగారం తెలుగులోకి రావాలి. పెద్దల నోట ఉన్న మన ఊళ్ళ చరిత్ర, సామెతలు, వంటలు, వైద్యాలు రాతలోకి రావాలి. తెలుగు వికీపీడియా 2003 నుంచి అందరికీ తెరిచి ఉంది. అక్కడ సరైన వ్యాసం ఒకటి రాసినా అది ఎందరికో అందుతుంది.

6. పిల్లల పేర్లను అన్ని కాగితాల్లోనూ, అన్ని లిపుల్లోనూ ఒకే విధంగా రాయించండి. బడిలో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, పాస్‌పోర్టులో ముహమ్మద్ అయితే రేపు ఇబ్బందిపడేది ఆ పిల్లవాడే.

చివరిగా ఒక మాట

షాహ్ వలీయుల్లాహ్ (రహ్మ) 18వ శతాబ్దిలో ఢిల్లీలో ఖుర్ఆన్‌ను ఫారసీలోకి అనువదించారు. అప్పట్లో చదువుకున్నవారి భాష అదే. ఆ శతాబ్ది చివరికి ఆయన కుమారుడు షాహ్ అబ్దుల్ ఖాదిర్ (రహ్మ) దాన్ని సామాన్యుల ఉర్దూలోకి తెచ్చారు. అప్పటికి పండితుల దృష్టిలో ఉర్దూకు నేటి హోదా లేదు. ఆ రోజు వారు ఉర్దూకు చేసిన ఉపకారమే ఈ రోజు తెలుగు మన దగ్గర అడుగుతున్నది. ఆ ఉపకారం వల్ల నిలిచిన ఉర్దూ కూడా తనను మరువవద్దని అడుగుతున్నది. రెండు అడుగుతున్నది ఒకే ఇంటి బిడ్డలను.

నాలుకకు, వేళ్ళకు కూడా ప్రళయదినాన లెక్క ఉంది. అవి దేన్ని గౌరవించాయో, ఎవరిని నొప్పించాయో, ఎవరికి మంచి మాట చేరవేశాయో అడగబడుతుంది. ఈ రోజు మీ ఫోనులో పంపబోయే మొదటి సలాంను మీ భాషలో, మీ లిపిలో రాసి పంపండి. 16 స్థానాలే కదా!

మన భాషలను ద్వేషానికి కాక పరిచయానికి, గర్వానికి కాక సేవకు సాధనాలుగా వాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మృదువైన పలుకును అనుగ్రహించుగాక! ఆమీన్.